ఎండపొడలో కొండచిలువ

బ్రిస్బేన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఎప్పుడో భూగోళం పుస్తకంలో చదువుకున్న సంగతే. అయినా విజయవాడ ఎండలో కెమెరా పట్టడం నేర్చుకున్నవాడి కళ్ళకు అది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. మనకు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా తప్పిస్తే మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. అక్కడ ఏడాది పొడుగునా దక్షిణానికే. ఉత్తరదిక్కుకు తిరిగి నిలబడితే సూర్యుడు కుడిచేతి వైపు నుంచి ఎడమచేతి వైపుకు నడుస్తాడు. ఏ గోడ పక్కకు ఏ వేళకు నీడ చేరుతుంది, ఏ చెట్టు కిందికి సాయంత్రపు వెలుగు ఏటవాలుగా దూరుతుంది అన్న లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాను. క్వీన్స్‌లాండ్‌లో వేసవికి గడియారాలు ముందుకు జరపరు. అందుకని అక్టోబరులో ఐదు దాటేసరికే పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరు కాకముందే గూకుతుంది.

మా చిన్నాన్నగారి అబ్బాయి కుటుంబం బ్రిస్బేన్‌కు ఉత్తరాన, బ్రూస్ హైవే మీద ముప్పావుగంట దూరంలో ఉన్న కబూల్చర్‌లో ఉంటుంది. "పెదనాన్నా, నువ్వొచ్చినప్పుడు బెల్లానికి మంచి ఫొటో తియ్యాలి" అని తమ్ముడి కూతురు ఫోనులో అడుగుతూనే ఉండేది. బెల్లం అంటే ఆ పిల్ల పెంచుకుంటున్న కొండచిలువ. స్పాటెడ్ పైథాన్ అనే జాతి. క్వీన్స్‌లాండ్ తూర్పు భాగంలో రాళ్ళ గుట్టల్లో, గుహల దగ్గర బతుకుతుంది. సాయంత్రం గుహల నుంచి గబ్బిలాలు బయటికి వచ్చే దారిలో కాచుకుని వాటిని గాల్లోనే అందుకుంటుంది. ఎదిగినా మీటరు పొడవుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి అక్కడ కొత్తగా పాములు పెంచేవాళ్ళు దీనితో మొదలుపెడతారు. లేత గోధుమరంగు ఒంటి మీద ముదురు మచ్చలు, అంచులు చిరిగినట్టుగా. ఆ మచ్చల రంగు చూసే పిల్ల దానికి ఆ పేరు పెట్టింది.

మన దగ్గర ఇది ఊహించలేని విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో కొండచిలువ ఉంది. ఇంట్లో పెంచుకోవడం నేరం, అలాగే ఉండాలి కూడా. ఆస్ట్రేలియా పద్ధతి వేరు. అక్కడ ఆ దేశపు సొంత పాముల్లో కొన్నింటిని లైసెన్సు తీసుకుని పెంచుకోవచ్చు. అడవి నుంచి పట్టి తెచ్చుకోవడానికి వీల్లేదు. పెంపకంలో పుట్టిన పిల్లనే కొనుక్కోవాలి. అమెరికాలో ఎంతోమంది పెంచుకునే బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి పరదేశపు పాములు మాత్రం అక్కడ ఇంట్లో ఉండకూడదు. బెల్లం లైసెన్సు మా తమ్ముడి పేరున ఉంది. మా మరదలు మొదట ఒప్పుకోలేదట. ఇప్పుడు నీళ్ళ గిన్నె మార్చేది ఆవిడే.

నేను వెళ్ళేసరికి బెల్లం కళ్ళు పాలనీలంగా ఉన్నాయి. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరుతుంది. పాముకు కనురెప్పలు ఉండవు. కంటిని కప్పి పారదర్శకమైన ఒకే ఒక పొలుసు ఉంటుంది. ఆ పొలుసు కూడా కుబుసంతో పాటే ఊడి రావాలి కాబట్టి కన్నంతా మసకబారుతుంది. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, ముట్టుకుంటే బెదురుతుంది. "ఇంకొన్నాళ్ళు ఆగాలి పెదనాన్నా" అని పిల్ల తన నోటుపుస్తకం చూపించింది. ఎప్పుడు తిన్నది, ఎంత బరువు, ఎప్పుడు కుబుసం విడిచింది అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆగడం మంచిదే. కుబుసం విడిచిన తరవాత మొదటి కొద్దిరోజుల్లో కనిపించే రంగు మళ్ళీ వచ్చే కుబుసం దాకా కనిపించదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర జంగిల్ కార్పెట్ జాతి కొండచిలువలూ, ఒక నల్లతల కొండచిలువా ఉన్నాయి. బెల్లం కుబుసం విడిచేదాకా తన పాములను ఫొటోలు తీసుకోమన్నారు, అయితే ఆవిడ చెప్పినట్టు వినాలి. తిన్న తరవాత రెండు రోజుల దాకా పామును ఎత్తకూడదు, కంగారులో కక్కేస్తుంది. దాన్ని తాకేముందు చేతులు కడుక్కోవాలి. వేలికి ఎలుక వాసనో కోడి వాసనో ఉంటే, ఆ వేలు వెచ్చగా ఉంటే, పాము దాన్ని తిండి అనుకోవడంలో తప్పులేదు. కార్పెట్ కొండచిలువ పెదవుల పొలుసుల్లో చిన్నచిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది. మనం వెలుగు చూసుకుంటూ దగ్గరికి జరుగుతుంటే అది మన చేతి వేడిని చూస్తూ ఉంటుంది. నల్లతల కొండచిలువకు ఆ గుంటలు లేవు. దాని తిండి ఎక్కువగా బల్లిజాతులూ ఇతర పాములూ. చల్లని ఒంటి ఎరకు వేడి గుర్తుపట్టే సాధనంతో పనేముంది?

పెరట్లోకి పాము వచ్చేముందు ఆవిడ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని నేలంతా తిరిగేవారు. కరోనా రోజుల్లో షాపుల ముందు మన నుదుటికి గురిపెట్టిన పరికరం లాంటిదే. ఉదయం ఎనిమిదింటికి చెట్టు నీడలో గడ్డి 19 డిగ్రీలు, ఎండపొడ పడ్డ చోట 27, అదే పది దాటాక సిమెంటు బాట మీద 44. కొండచిలువ తన వేడిని తానే పుట్టించుకోలేదు. గుడ్లు పొదిగే ఆడది మాత్రం కండరాలను అదిరించి కాస్త వేడి తెచ్చుకుంటుంది, మిగతా వేళల్లో నేలా ఎండా ఇచ్చిందే. 44 డిగ్రీల సిమెంటు మీద చిన్న పామును కాసేపు వదిలితే అది చచ్చిపోతుంది. పెంపుడు పాముకు పక్కకు తప్పుకోవడానికి బొరియ లేదు, మనం పెట్టిన చోటే ఉంటుంది. అందుకని కెమెరా మీద లైట్ మీటరు చూడకముందే ఈ మీటరు చూడాలి. 25, 30 మధ్య ఉన్న నేల దొరికితేనే ఆవిడ గాజు తలుపు తీసేవారు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో ఇదే పెద్దది. ఫొటోగ్రాఫర్లం బంగారు వెలుగు అంటూ పొద్దున ఐదున్నరకే పరిగెత్తుతాం. అప్పుడు ఆ నేల 15 డిగ్రీలు. పాముకు పనికిరాని వెలుగు ఎంత బంగారమైనా దాని జోలికి పోకూడదు.

జంగిల్ కార్పెట్‌ను పెరట్లో ఉత్తరం వైపు వరండా అంచున దించాం. పసుపూ నలుపూ కలిసిన పాము. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఆథర్టన్ పీఠభూమి దగ్గరి వాన అడవుల నుంచి వచ్చిన జాతి. వరండా కప్పు పైనుంచి ఎండను ఆపుతుంది, వెలుగు పక్కనుంచి మాత్రం వస్తుంది. వెలుగుకు ఎదుటివైపు తెల్ల ఫోమ్ బోర్డు ఒకటి నిలబెట్టాను. మన స్టూడియోలవాళ్ళు థర్మోకోల్ షీటు పెట్టినట్టే. నేల మీద బోర్లా పడుకుని, లెన్సును పాము కంటి ఎత్తుకు దించి చూస్తే అంతవరకూ పైనుంచి చూసిన జంతువు వేరు, ఇది వేరు. పైనుంచి తీసిన ఫొటోలో పాము ఒక వస్తువు. కంటి ఎత్తులో దానికి ముఖం ఉంటుంది. ఎండ నేరుగా పడితే కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది, నీడలోకి రాగానే తెరుచుకుంటుంది. కంటి మీది పొలుసు గుండ్రటి అద్దం కాబట్టి తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే అందులో పెరడంతా కనిపించింది: కంచె, ఆకాశం, కంచె మీద వాలిన కూకబరా, బోర్లా పడుకున్న నేను. ఫ్లాష్ వాడి ఉంటే ఆ చోట తెల్లటి చుక్క ఒక్కటే మిగిలేది.

కూకబరా గురించి ఒక మాట. అది చిన్న పాములను తన్నుకుపోయే పక్షి. మన లకుముకిపిట్ట బంధువే, ఒళ్ళు మాత్రం పెద్దది. అది కంచె మీద ఉన్నంతసేపూ పిల్ల చేతిలో తువ్వాలు పట్టుకుని పాముకు అడ్డంగా నిలబడింది. బయట ఫొటో తీయడమంటే ఇద్దరు మనుషుల పని. ఒకరి కన్ను కెమెరాలో ఉన్నప్పుడు రెండోవారి కన్ను పాము మీదా, ఆకాశం మీదా, చీమల మీదా ఉండాలి. గడ్డికి మందు కొట్టారేమో కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

నల్లతల కొండచిలువ నన్ను చాలా ఆలోచింపజేసింది. తలా మెడా నిగనిగలాడే నలుపు, అక్కడినుంచి ఒళ్ళంతా మీగడరంగు మీద గోధుమ పట్టీలు. పొద్దున్నే బొరియలోంచి తల మాత్రం బయటపెట్టి, ఆ నలుపుతో ఎండ పీల్చుకుని ఒళ్ళు వేడెక్కించుకోవడానికే తలకా రంగు వచ్చిందని పాములు తెలిసినవాళ్ళు చెబుతారు. దాన్ని చెట్టు లేని చోట, ఇంటి నీడలో పెట్టి తీస్తే నల్లని తల నీలంగా వచ్చింది. తప్పు కెమెరాది కాదు. ఆ పొలుసులు అంత నున్నగా ఉండి పైనున్న ఆకాశాన్ని ప్రతిబింబిస్తున్నాయి. నీడలో నిలబడి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో అదే పాము వీపు మీద పడుతుంది. మామిడిచెట్టు కిందికి జరిపితే తల మీద ఆకుపచ్చ ఛాయ. వరండాలో తెల్లటి కప్పు కిందికి తెచ్చాక అసలు నలుపు వచ్చింది, దాని మీద కప్పు అంచు సన్నటి తెల్లగీతగా మెరిసింది. నున్నటి పామును తీసేటప్పుడు ముందు తల ఎత్తి పైకి చూసుకోవడం అప్పటినుంచి నాకు అలవాటైంది. ఎక్స్‌పోజరు సంగతీ అంతే. కెమెరా నలుపును చూసి ఫొటోలో వెలుగు పెంచేస్తుంది, మీగడరంగు తెల్లగా మాడిపోతుంది. కాబట్టి పట్టీల మీద వెలుగు కొలుచుకుని నలుపును నలుపుగానే ఉండనిచ్చాను.

ఆ పాము ఒక్కసారి ఎండలోకి మెడ చాచినప్పుడు నలుపు మీద ఊదా, ఆకుపచ్చ, రాగిరంగులు పాకిపోయాయి. వాన నీళ్ళ మీద పెట్రోలు తెట్టు కట్టినప్పుడు కనిపించే రంగులే అవి. పుట్టే పద్ధతీ అలాంటిదే. పొలుసు పైపొరలోని అతిసూక్ష్మమైన అమరిక కాంతిని విడగొడుతుంది, రంగు పదార్థమేమీ అక్కడ లేదు. మబ్బు పట్టిన రోజున, నిండు నీడలో ఆ రంగులు రావు. ఎండ ఒక వైపు నుంచి నేరుగా పడాలి, మనం తగిన కోణంలో ఉండాలి. మెరుపు తగ్గుతుందని పోలరైజర్ ఫిల్టరు తిప్పితే మెరుపుతో పాటు ఈ రంగులూ పోతాయి. ఆస్ట్రేలియా ఆదివాసీ జాతుల్లో చాలామందికి ఇంద్రధనుస్సు సర్పం సృష్టి కథల్లో మూలపురుషుడు, నదులనూ కొండలనూ మలచినవాడు. ఆ మెడ మీద పాకిన రంగులు చూశాక ఆ కథలను గౌరవంతో కాక మరోలా వినలేను.

ఇంత చేసినా, రాత్రిళ్ళు ఫొటోలు తిరగేస్తుంటే ఏదో వెలితి. కన్ను స్పష్టంగా ఉంది, పొలుసు పొలుసూ లెక్కపెట్టవచ్చు, రంగు నిజమైన రంగే. కానీ ఆ పసుపు-నలుపు గీతలు పాముకు ఎందుకున్నాయో ఏ ఫొటోలోనూ లేదు. గాజుపెట్టెలో బల్బు కింద ఎంత అందంగా ఉన్నాయో ఇక్కడా అంతే అందంగా ఉన్నాయి. బయటికి తెచ్చి సాధించినది వెలుగు మెత్తదనం ఒక్కటేనా?

ఆదివారం తమ్ముడు కారు తీశాడు. ఉత్తరానికి పోతుంటే మైదానంలోంచి హఠాత్తుగా లేచిన కొండలు కనిపిస్తాయి. చల్లారిన అగ్నిపర్వతాల గొంతుల్లో గడ్డకట్టిన రాయి, చుట్టూ మెత్తటి నేల కొట్టుకుపోగా ఇలా మిగిలింది. 1770లో ఆ తీరం వెంట వెళ్తూ కెప్టెన్ కుక్ వీటికి గ్లాస్ హౌస్ పర్వతాలని పేరుపెట్టాడు. యార్క్‌షైర్ గాజుబట్టీలు గుర్తొచ్చాయట. అన్నింటికంటే ఎత్తయినది బీర్వా, 556 మీటర్లు. ఆ పేరుతోనే ఉన్న ఊళ్ళో 1970లో ఇర్విన్ దంపతులు చిన్న సరీసృపాల పార్కు మొదలుపెట్టారు. అదే ఇప్పటి ఆస్ట్రేలియా జూ. వాళ్ళబ్బాయి స్టీవ్ ఇర్విన్‌కు ఆరో పుట్టినరోజు కానుకగా దొరికింది ఒక స్క్రబ్ పైథాన్ అని ఆ కుటుంబం చెబుతుంది. జూలోకి వెళ్దామా అని తమ్ముడు అడిగాడు. పిల్ల వద్దంది. మెలేనీ వెళ్దాం, అక్కడ అడవిలో కార్పెట్ కొండచిలువ కనిపిస్తుంది అని పట్టుపట్టింది.

మెలేనీ దగ్గర కొండ అంచున మేరీ కెయిర్న్‌క్రాస్ వనం ఉంది. ఒకప్పుడు ఆ కొండలంతా కప్పి ఉన్న వాన అడవిలో నరకకుండా మిగిలిన 55 హెక్టార్ల ముక్క. లోపలికి అడుగుపెట్టగానే వెలుగు మారిపోతుంది. పైన ఆకులు దట్టం, వాటి సందుల్లోంచి జారిన ఎండ నేల మీద నాణేలంత, అరచేతులంత పొడలుగా పడి, గాలికి పక్కకు జరుగుతుంటుంది. పెడెమెలన్లనే పొట్టి కంగారూలు ఆకులు నములుతూ దారి పక్కనే తిరుగుతున్నాయి. చెక్కబాట వంపు దగ్గర పిల్ల ఆగి నా చొక్కా లాగింది. "పెదనాన్నా, కింద చూడు."

చూశాను. ఆకులు, వేర్లు, ఎండపొడలు. చాలాసేపు అంతే. ఒక కుటుంబం మమ్మల్ని దాటుకుని మాటలాడుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు ఒక ఎండపొడ గాలికి కదిలింది, దాని పక్కనున్నది కదల్లేదు. ఆ కదలనిది ఎండ కాదు. కార్పెట్ కొండచిలువ ఒంటి మీది లేతమచ్చ. అది పట్టుబడ్డాక దాని పక్క మచ్చ, ఆ పక్కది, చివరికి తల. పెడెమెలన్ల బాట పక్కన మూడు చుట్టలుగా పడుకుని ఎరకోసం కాచుకుని ఉంది. ముదురురంగు నీడలో కలిసింది, లేతరంగు ఎండలో కలిసింది. మచ్చల నల్లటి అంచు ఒంటి అసలు రేఖను తెంపేసింది. చెక్కబాట దిగకుండా, పొడవైన లెన్సుతో దూరం నుంచే కొన్ని ఫ్రేములు తీసుకున్నాను. కెమెరా తెర మీద చూసి తమ్ముడు అడిగాడు. "ఏదన్నా? ఇందులో పామేదీ?"

రెండు రోజులుగా నన్ను వేధిస్తున్న ప్రశ్నకు తమ్ముడి మాటే జవాబు. ఆ గీతలు ఎండపొడల కోసం ఉన్నాయి. సమంగా పరుచుకున్న మెత్తటి నీడలో మనం ఎంతో శ్రద్ధగా తీసేది పని మానుకున్న ఒంటిని. వెలుగు మచ్చలు మచ్చలుగా ఉన్నప్పుడే పాము చర్మం పనిచేస్తుంది, పనిచేసిందంటే మన కంటికి దొరకదు. ఫొటోగ్రాఫరుకు ఇది చిక్కే. వెలుగు ఎంత సహజమైతే పాము అంత మాయమవుతుంది. ఇల్లు చేరేదాకా అదే ఆలోచించాను. పూర్తిగా కనిపించే పామూ వద్దు, పూర్తిగా మాయమైన పామూ వద్దు. చూసేవాడు ఒక క్షణం వెతుక్కుని కన్నును పట్టుకోవాలి, అక్కడినుంచి ఒళ్ళు దొరకాలి.

బెల్లం కుబుసం విడిచింది. పిల్ల దాన్ని చింపకుండా తీసి, వెలుగుకు పట్టి, కళ్ళ మీది రెండు గుండ్రటి పొలుసులూ ఊడి వచ్చాయో లేదో చూసింది. వచ్చాయి. నోటుపుస్తకంలో రాసింది. "జకరండా కింద తీద్దాం పెదనాన్నా" అంది. అక్టోబరులో అక్కడ జకరండాలు ఆకు లేకుండా ఊదాపూలతో నిండిపోతాయి, చెట్టుకింద నేల కూడా ఊదాగా ఉంటుంది. పిల్ల మాట కాదనలేక తీశాను. చూడగానే ఆకట్టుకునే ఫొటోలే వచ్చాయి, పెళ్ళి ఆల్బమ్ పేజీలా. కానీ జకరండా దక్షిణ అమెరికా చెట్టు, స్పాటెడ్ పైథాన్ పుట్టి బుద్ధెరిగి ఆ పూల మధ్య ఉండదు. ఊదారంగు వెలుగు ఒంటి గోధుమరంగును కూడా చంపేసింది. పిల్లకు కెమెరా తెర చూపించి, మొన్న అడవిలో పామును నువ్వెలా కనిపెట్టావు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మరైతే యూకలిప్టస్ కిందికి పోదాం" అంది.

సాయంత్రం నాలుగున్నర. పెరటి వెనక యూకలిప్టస్ చెట్టు కింద ఎండుటాకులు, ఒలిచిన బెరడు ముక్కలు, రెండు రాళ్ళు. పెద్దావిడ థర్మామీటరు పట్టి చూశారు: 28. పగలంతా ఎండ తాగిన నేల వెచ్చగా ఉంది, గాలి మెత్తబడింది, సూర్యుడు పడమటి కంచె మీదికి దిగి ఆకుల సందుల్లోంచి ఏటవాలుగా వస్తున్నాడు. స్పాటెడ్ పైథాన్ చీకటి పడే వేళ బయలుదేరే జంతువు. దాని పొద్దు అప్పుడే మొదలవుతుంది. ఉదయపు వెలుగుకంటే ఈ వెలుగు దానికి సొంతం. పిల్ల బెల్లాన్ని రాళ్ళ పక్కన దించి దాని మీద వెదురుబుట్ట బోర్లించింది. చీకటి పడిందనుకుని పాము సర్దుకుంటుంది, తనకు నచ్చినట్టు చుట్ట చుట్టుకుంటుంది. మనం చేత్తో సర్దిన చుట్ట ఫొటోలో తెలిసిపోతుంది, తలా మెడా బిగుసుకుని ఉంటాయి. మేం ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. పిల్ల బుట్టను నిలువుగా, నీడ పాము కంటి మీదుగా పోకుండా లేపింది.

బెల్లం రాయిని ఆనుకుని వదులుగా చుట్టుకుని ఉంది. గడ్డం చుట్ట మీద ఆన్చి ఉంది. నాలుక బయటికొచ్చి గాలిని పైకీ కిందికీ తడిమి లోపలికి పోయింది. భయపడ్డ పాము నాలుక గబగబా ఆడుతుంది, లేదా అసలు ఆడదు, తల చుట్టలోకి దాచేసుకుంటుంది. మెడ ఎస్ ఆకారంలో వెనక్కు లాగితే కాటుకు సిద్ధమన్నమాట. ఇది తీరిగ్గా వాసన చూస్తోంది. 100 ఎంఎం మాక్రో లెన్సు, ఎపర్చరు 8, నాలుక కదలిక ఆగడానికి షట్టరు 500. ఎండపొడలో కొలిచిన వెలుగుకూ పక్క నీడలో కొలిచిన వెలుగుకూ మధ్య చాలా తేడా ఉంటుంది, రెండూ ఒకే ఫ్రేములో దక్కవు. ఎండ పడ్డ మచ్చ మాడిపోకుండా చూసుకుని నీడలను చీకటికి వదిలేశాను. తెల్లబోర్డు పెట్టలేదు, అది నీడలను నింపేస్తే మళ్ళీ వరండా ఫొటోనే వస్తుంది. ఇక మిగిలింది కన్ను. ఆకులు కదిలినప్పుడు ఒక పొడ పాము ముఖం మీదికి రావాలి. దానికోసం ఎదురుచూడటమే నా పని.

పొడ వచ్చింది. తల మీద సగం దాకా జారి కంటిని వెలిగించి ఆగింది. ఆ గాలి ఆగినంతసేపూ తీశాను. తరవాత బెల్లం కదిలి బెరడు కిందికి దారి వెతుక్కుంటుంటే పెద్దావిడ చెయ్యెత్తారు. చాలు అని అర్థం. పిల్ల రెండు చేతులతో కింది నుంచి ఎత్తుకుంది, లోపలికి తీసుకెళ్ళింది. ఇంకా వెలుగుంది, నాకింకా తీయాలనే ఉంది. పాము వద్దన్నాక వెలుగు సంగతి ఎత్తకూడదన్నది ఆవిడ నియమం, ఇప్పుడు నాది కూడా.

ఎండుటాకులు, బెరడు, రాయి, వాటి మధ్య అదే రంగుల్లో, అదే చిరిగిన అంచులతో పాము. వెలిగిన కన్ను ఒక్కటే దాన్ని పట్టిస్తుంది. తమ్ముడికి నచ్చలేదు. "హాల్లో ఫ్రేము కట్టించాలంటే వరండాలో తీసిందే బావుంది అన్నా, ఇంటికొచ్చినవాళ్ళు చూడగానే తెలియాలి కదా" అన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళు వెతకాలంది. నేను పిల్ల పక్షం.

ఈ ఫొటో గురించి మరో బాధ్యత కూడా ఉంది. చూసినవాళ్ళు దీన్ని అడవిలో తీశారనుకుంటారు, అనుకునేలాగే ఉంది. మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతోమంది ఎఫ్.ఐ.ఎ.పి., పి.ఎస్.ఎ. అనే ఫొటోగ్రఫీ సంస్థల గుర్తింపుతో జరిగే పోటీలకు ఫొటోలు పంపుతారు. వాటిలో వైల్డ్‌లైఫ్ విభాగానికి పంపే జంతువుల ఫొటోల్లో జంతువు స్వేచ్ఛగా తిరిగేదే అయి ఉండాలి. పెంపుడు పామును ఎండుటాకుల మీద పెట్టి తీసి ఆ విభాగంలోకి పంపడం మోసం. మెలేనీలో చెక్కబాట మీద నిలబడి తీసిన మసక ఫ్రేముకు అక్కడ హక్కుంది, దీనికి లేదు. ఎక్కడ చూపించినా కింద 'పెంపుడు పాము, యజమాని పెరట్లో తీసినది' అని ఉండాల్సిందే. అలా రాస్తే ఫొటో విలువ తగ్గుతుందని నేననుకోను.

పామును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీసే పద్ధతి ఒకటుందని విన్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు. అది హింస. చలికి కదలలేని జంతువును ప్రశాంతంగా ఉందని చూపించడం అబద్ధం కూడా. మన ఊళ్ళలో చేపల వలలో చిక్కిన కొండచిలువను మెడలో వేసుకుని ఫొటోలు దిగేవాళ్ళను చూసినప్పుడూ నాకు ఇదే బాధ. అది బందీ కాదు, పెంపుడుదీ కాదు, గాయపడి బెదిరిన వన్యప్రాణి. చేయవలసింది దూరంగా నిలబడి అటవీశాఖకు ఫోను చేయడం. కొండచిలువ కంటి ఎత్తుకు దిగి తీయాలన్న కోరిక ఉన్నవాళ్ళకు మన దేశంలో జూలూ, సర్ప ఉద్యానాలూ ఉన్నాయి. అక్కడ అద్దం అవతల ఉన్నదాన్ని కూడా దాని వేడికీ దాని వేళకూ తగ్గట్టు చూడటం నేర్చుకోవచ్చు.

తరవాతి కుబుసానికి తనే తీస్తానంది పిల్ల. నా పాత కెమెరా ఒకటి అక్కడే ఉంచి వచ్చాను. డిసెంబరు వెలుగు ఎలా ఉంటుందో ఇద్దరం కూర్చుని లెక్కవేశాం. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, పెరట్లో రాళ్ళు సాయంత్రం ఐదింటికి కూడా కాలుతుంటాయి. నేల 30కి దిగేసరికి ఆరవుతుంది, పొద్దు ఆరున్నర దాటాక గూకుతుంది. ఆ మధ్య అరగంట ఉంటుంది. నోటుపుస్తకం చివరిపేజీలో ఈ లెక్క రాసుకుని, రాళ్ళను ఇప్పుడే చెట్టుకు తూర్పువైపుకు, చెట్టు నీడ ముందుగా చేరే చోటికి జరపాలని మా తమ్ముణ్ణి పెరట్లోకి పిలుచుకెళ్ళింది.